సయ్యదు ఆబిద్ అలీ: అన్ని పనులకు నిలిచిన ఆటగాడు

2025 వ సంవత్సరము మార్చి 12 వ తేదీని, అమెరికా దేశమందలి కాలిఫోర్నియాలో, మన హైదరాబాదునకు చెందిన సయ్యదు ఆబిద్ అలీ యెనుబదిమూడేండ్ల వయస్సున కాలధర్మము నొందెను. మా యింటికి వచ్చు పత్రికలో ఆ వార్త ఆటల పుటలో నొక మూల నుండెను. మావారు పాఠశాలనుండి వచ్చి దానిని చదివి, "ఓవల్ మైదానమున గెలుపు పరుగులు కొట్టినవాడు పోయినాడే!" యనిరి. ఆ మాటలో తప్పులేదు. కాని యొక మనుష్యుని జీవితకాలపు శ్రమ యంతయు నాలుగు పరుగులలో ముగిసిపోవుట నాకు నచ్చలేదు. అందువలననే ఆయన చరిత్రమును కొంత వెదకి చదివితిని. చదివినకొలది ఇది మన గృహిణులు వినదగిన కథ యని తోచినది.

"క్రికెట్టు మగపిల్లల గోల, మనకేల?" యని కొందఱు సోదరీమణు లనుకొనవచ్చును. ఆట మర్మములన్నియు తెలియనక్కఱలేదు. అందు ముఖ్యముగా మూడు పనులు కలవు. బ్యాటు పట్టి పరుగులు తీయుట యొకటి. బంతి వేసి యెదుటివారిని పడగొట్టుట యొకటి. మైదానమున నిలిచి వచ్చిన బంతిని పట్టుట యొకటి. ఒక్కొక్క రొక్కొక్క దానియందు ఆరితేరుదురు. బ్యాటునకును బంతికిని రెండింటికిని అక్కఱకు వచ్చువానిని ఆల్‌రౌండ రందురు. పేరు ఇంగ్లీషుదైనను వస్తువు మనకు క్రొత్తది కాదు. పెండ్లివారింట వంటకు వంటవాడు, మంత్రములకు పురోహితుడు, వాద్యములకు మేళగాండ్రు నుందురు. వియ్యపురాలి కాఫీకి, చంటిపిల్ల పాలకు, కనబడని తాళపుచెవికి, చాలకపోయిన కరివేపాకునకు మాత్రము పిలుపు వచ్చున దొక్కర్తుకకే. ఆమె పేరు శుభలేఖలో నుండదు.

హైదరాబాదునకు క్రికెట్టు చాల పాతది. మా మొయినాబాదు పేరు చెప్పగానే ఆట తెలిసినవారికి మొయినుద్దౌలా బంగారుపాత్ర జ్ఞప్తికి వచ్చును. నవాబు మొయినుద్దౌలా పేర 1930 ప్రాంతమున ఆ పోటీలు హైదరాబాదున నారంభమైనవి. నవాబులును రాజులును ముచ్చటపడి పోషించిన ఆట అది. ఆబిద్ అలీ యట్టి నవాబు కాడు. 1941 వ సంవత్సరము సెప్టెంబరు 9 వ తేదీని పట్నమున పుట్టి, సెయింట్ జార్జి గ్రామరు పాఠశాలలోను ఆల్ సెయింట్సు ఉన్నతపాఠశాలలోను చదివెను. 1956 లో, పదునైదేండ్లయిన నిండక మునుపే, హైదరాబాదు పాఠశాలల జట్టునకు ఎన్నుకొనబడెను. ఎందువలన ననుకొనిరి? బ్యాటునుబట్టి కాదు, బంతినిబట్టి కాదు. పరుగెత్తి బంతి నాపు నేర్పును చూచి! కేరళ బాలురపై 82 పరుగులు చేసినను, ఆయనకు దక్కిన బహుమతి యుత్తమ ఫీల్డరనియే. వీధి యాటలలో కడగొట్టు పిల్లవానికి పెద్దవారు విదిలించు పని యది. ఆ పనితోనే యాయన తలుపు తెఱచుకొనెను.

తరువాత స్టేటు బ్యాంకు ఆఫ్ హైదరాబాదువారు జట్టు నొకదానిని కూర్చుకొని ఈయనకు ఉద్యోగమిచ్చిరి. (ఆ బ్యాంకు 2017 ఏప్రిలులో స్టేటు బ్యాంకు ఆఫ్ ఇండియాలో కలిసిపోయినది.) అక్కడ మొదట వికెట్ల వెనుక చేతితొడుగులతో నిలిచి బంతులు పట్టుట యాయన వంతు. బంతి వేయుట తరువాత వచ్చినది. 1959 ప్రాంతమున రంజీ పోటీలలో హైదరాబాదు పక్షమున ప్రవేశించెనుగాని, చాలకాలము ఆయనకు బంతి నిచ్చినదే యరుదు. రంజీలో తొలి శతకము 1967 లోగాని రాలేదు. ఎనిమిదేండ్లు! మన పిల్లలు ఎనిమిది నెలలు సంగీతము నేర్చి కచ్చేరీ యెప్పు డని యడుగుదురు.

ఆ యేడు ఆస్ట్రేలియా ప్రయాణమునకు భారతజట్టులో ఆయన పేరు వచ్చుట పలువురికి వింతయైనదట. అక్కడ మొదటి టెస్టునకు నాయకుడైన పటౌడీ నవాబు గాయమువలన ఆడలేకపోయెను. ఆ ఖాళీ యైన చోట ఆబిద్ అలీని నిలిపిరి. 1967 డిసెంబరు 23 న ఆడిలైడులో ఆరంభమైన ఆ యాటలో, వికెట్ల వెనుకనుండి ఎదిగివచ్చిన యీ మనుష్యుడు 55 పరుగు లిచ్చి ఆరుగురు ఆస్ట్రేలియావారిని పడగొట్టెను. తొలి టెస్టులోనే ఒక్క యిన్నింగ్సున అంత పని అప్పటివరకు భారతీయు డెవ్వడును చేసియుండలేదు. బ్యాటుతో రెండుమారులును 33 చొప్పున తీసెను. ఆ ప్రయాణమున చివరి టెస్టు సిడ్నీలో జరిగినది. అందు 78, మఱల 81. నాలుగు టెస్టులును మనవారు ఓడిరి. ఓడిన యింటిలో ఎవరు బాగుగ పనిచేసిరను విచారణ సాధారణముగా నుండదు. వెంటనే న్యూజిలాండునకు పోయి 1968 లో అక్కడ మూడు టెస్టులు గెలిచి ఒకటి మాత్రమే ఓడిరి. పరదేశమున భారతము టెస్టుల వరుసను గెలుచుట అదియే మొదలు. ఆ జట్టులోను ఆబిద్ అలీ యుండెను.

ఇక ఆయన చేసిన పని యెట్టిదో కొంచెము వివరింతును. కథకు కీలక మిచ్చటనే యున్నది. క్రికెట్టు బంతి ఎఱ్ఱని తోలుబంతి. క్రొత్తదానికి నిగనిగలాడు మెఱుగుండును. ఆ మెఱుగు వేగముగా వేయువారికి మేలు, త్రిప్పి వేయువారికి కీడు. వ్రేళ్ళకు బంతి చక్కగా పట్టుబడి నేలపై గిఱ్ఱున తిరుగవలెనన్న అది కొంత గరుకెక్కవలెను. ఆ కాలమున మనకు గొప్ప వేగగాండ్రు లేరు. గొప్ప త్రిప్పుగాండ్రు నలుగు రుండిరి: బేడీ, ప్రసన్న, చంద్రశేఖరు, వేంకటరాఘవన్. బంతి ఎంత త్వరగా వారి చేతికి పోవునా యని నాయకుడు ఎదురుచూచుచుండును. అంతవఱకు క్రొత్తబంతిని కొన్ని ఓవర్లు వేసి, పరుగులు పోకుండ చూచి, వీలైన నొకరిద్దఱిని పడగొట్టి, పిమ్మట బంతిని వారికప్పగించి దూరముగా పోయి నిలుచుట ఆబిద్ అలీ పని. క్రొత్త మట్టికుండను తెచ్చినపుడు మొదట గంజి పోసి కాచి, మంటికంపు పోగొట్టి, పదును చేయువా రొకరు. ఆ కుండలో కమ్మని పులుసు కాచి పేరు తెచ్చుకొనువారు మఱియొకరు. పులుసు తిన్నవారు కుండను పదునుచేసిన చేతిని తలతురా?

బ్యాటు పట్టినప్పుడును అంతే. ఒకనాడు జట్టున కెల్ల ముందుగా పోయి క్రొత్తబంతి నెదుర్కొనుమందురు; మఱియొకనాడు అందఱును ముగిసిన వెనుక ఏడవవాడుగానో ఎనిమిదవవాడుగానో పంపుదురు. స్థిరమైన పీట యొకటి లేదు. వడ్డించినవారు తుదకు మిగిలిన పీటపై కూర్చుండినట్లు, ఏది ఖాళీయైన నది ఆయనది.

భారతము చదివినవారి నొక ప్రశ్న యడిగి చూడుడు. శకునిని చంపిన దెవ్వరు? అర్జునుడో భీముడో యనువారే హెచ్చు. చంపినవాడు సహదేవుడు. పదునెనిమిదిదినములును మాద్రికొడుకు లిద్దఱును ఆ రణమున నిలిచిరి. అజ్ఞాతవాసమున గుఱ్ఱములను కాచిరి, ఆవులను కాచిరి. అయినను మన పురాణ కాలక్షేపములలో వారిని "నకులసహదేవులు" అని యొక్క యూపిరిలో పలికి ముందునకు పోవుదురు. నేను చిన్నప్పుడు మా తండ్రిగారి యొద్ద శల్యపర్వము చదువునపుడు దీనినిగూర్చి చాల నొచ్చుకొంటిని.

1971 వ సంవత్సరము మన క్రికెట్టునకు పండుగ యేడు. అజిత్ వాడేకరు నాయకుడు. వెస్టిండీసు ప్రయాణమునకు హైదరాబాదునుండియే ఐదుగు రెన్నికైరి: జయసింహ, ఆబిద్ అలీ, గోవిందరాజు, జయంతీలాల్, కృష్ణమూర్తి. పోర్ట్ ఆఫ్ స్పెయినులో జరిగిన టెస్టున ఫ్రెడరిక్సనువానిని ఒక్క పరుగైన చేయకమునుపే, నేలబారుగా పోయిన బంతితో ఆబిద్ అలీ పడగొట్టెను. ఆ యాటలో గెలుపు పరుగులు తీసినవాడు సునీల్ గవాస్కరు. అదియే గవాస్కరునకు తొలి టెస్టు. ఎదుటి కొనను తోడు నిలిచినవా డెవరో మీరే యూహింపగలరు. వెస్టిండీసువారిపై భారతమునకు అది మొట్టమొదటి టెస్టు విజయము. చిత్రపటములందు గవాస్కరు మాత్రము కనబడును, కనబడుట న్యాయమే.

అటుపిమ్మట ఇంగ్లాండు. 1932 నుండి మనవారు ఆ దేశమునకు పోయి టెస్టు లాడుచునే యుండిరిగాని, అక్కడ ఒక్కటైన గెలిచి యుండలేదు. మాంచెస్టరులో ఆబిద్ అలీ యొక యుదయమున విజృంభించి నలుగురిని త్రోసివేసెను. అప్పటికి ఇంగ్లాండువారి పరుగులు 41 మాత్రమే. ఇల్లింగువర్తు నిలిచి శతకము చేసి వారిని గట్టెక్కించెను. తుదకు వానవలన ఆ యాట తేలలేదు. ఆయన బంతి పనిలో ఆడిలైడు తరువాత నేను మెచ్చున దిదియే. కాని తేలని యాట నెవ్వరు జ్ఞాపకముంచుకొందురు?

మూడవ టెస్టు లండనులోని ఓవల్ మైదానమున. పోలియోవలన కృశించిన కుడిచేతితోనే బంతి వేయు చంద్రశేఖరు 38 పరుగులకు ఆరుగురిని కూల్చగా ఇంగ్లాండువారు రెండవ యిన్నింగ్సున 101 కి కూలిరి. గెలుపునకు మనకు 173 పరుగులు కావలెను. చివరి దినము ఆగష్టు 24. ఆనాడు వినాయక చవితి. అక్కడి మనవారు జంతుశాలనుండి బెల్లా యను ఏనుగును మైదానమునకు తోలుకొని వచ్చిరట! నాయకుడు వాడేకరు ఆనాటి యాట మొదలుకాగానే పరుగెత్తుచు ఔటయ్యెను. సర్దేశాయి 40, విశ్వనాథు 33, తొందరపడక కూడబెట్టిరి. 170 వద్ద విశ్వనాథు పడిపోయెను. ఇంక మూడు పరుగులు. ఎదుట ఇంజినీరు నిలుకడగా నుండెను. అప్పుడు బ్యాటు పట్టుకొని దిగినవాడు మన ఆబిద్ అలీ.

ఇల్లంతయు నూడ్చి, అలికి, ముగ్గుపెట్టినవారు వేఱు. గడపకు పసుపుబొట్టు పెట్టుటకు మాత్రము వచ్చితివా యని యెవరైన పరిహసింపవచ్చును. లక్‌హర్స్టు వేసిన బంతిని ఆబిద్ అలీ చురుకుగా కోసి సరిహద్దు దాటించెను. నాలుగు పరుగులు. ఇంగ్లాండు గడ్డపై భారతము టెస్టును, దానితోపాటు ఆ వరుసను గెలిచెను. జనము మైదానములోనికి ఉప్పెనవలె వచ్చిరి. ఆ నాలుగు పరుగులే ఆయన పేరునకు మాఱుపేరై, యేబదినాలుగేండ్ల తరువాత మావారి నోట మరణవార్తతో కలిసి వచ్చినవి.

ఇప్పుడు లెక్కలు చూతము. ఆయన యాడిన టెస్టులు 29; పరుగులు 1018; సగటున ఇన్నింగ్సునకు ఇరువదికి కొంచె మెక్కువ. పడగొట్టినవారు 47 గురు. ఒక్కొక్కనికి నలువదిరెండు పరుగుల ఖర్చు. ఈ రెండు పద్దులను ప్రక్కప్రక్కన పెట్టి, "గొప్ప బ్యాటరును కాడు, గొప్ప బౌలరును కాడు" అని తేల్చు విమర్శకులు కలరు. అంకెలలో అబద్ధము లేదు. నా సందేహ మొక్కటే: ఆ పుస్తకమున ఎన్ని గళ్ళున్నవి? ఆయన యాపిన పరుగులకు గడి యేది? వికెట్ల నడుమ మెఱుపువలె పరుగెత్తుటలో ఆయన కాలమున పేరుపొందినవాడు. ఒక్క పరుగు వచ్చుచోట రెండు తీయించి, ఎదుటివానికి కూడ పరుగు సంపాదించెను. ఆ రెండవ పరుగు ఎవరి ఖాతాలో పడెను? బ్యాటునకు ప్రక్కనే, దెబ్బ తగులు చోట, కనుఱెప్ప వేయక నిలుచుటకు వెల యేమి? క్యాచులు 32 అని మాత్రము వ్రాసిరి. ఇంటి ఖర్చుల పుస్తకము వ్రాయు అలవాటున్న సోదరీమణులకు నా మాట సులభముగా బోధపడును. పాలవానికి, చాకలికి, బియ్యమునకు పద్దులుండును. తెల్లవారుజామున లేచినదానికి పద్దు నే నింతవఱకు చూడలేదు.

1974 డిసెంబరులో వెస్టిండీసుపై ఢిల్లీలో ఆడినది ఆయనకు చివరి టెస్టు. అప్పటికి ముప్పదిమూడేండ్లు. మఱునాటి యేడు ఇంగ్లాండులో మొట్టమొదటి ప్రపంచపు పోటీ జరిగినది. అఱువది ఓవర్ల యాట మనవారి కింకను చేతగాని కాలమది. న్యూజిలాండుపై మాంచెస్టరులో తక్కినవారు తడబడగా ఆబిద్ అలీ 70 పరుగులు చేసెను. మనవైపున అందఱికంటె హెచ్చు. తరువాత బంతి పట్టి ఇద్దఱిని పడగొట్టెను. అయినను టర్నరు శతకముచేత న్యూజిలాండువారు గెలిచిరి. ఒక్క దినపు పోటీలలో ఆయన యాడినవి మొత్త మైదే. ఇరువదేండ్లు తరువాత పుట్టియున్న ఆ యాటకే పుట్టినవా డనిపించుకొనియుండును. ఈ మాట నాది మాత్రమే కాదు, తెలిసినవారు చాలమంది యనునదే. భారతజట్టునుండి తప్పుకొన్న పిమ్మటను హైదరాబాదు పక్షమున కొన్నియేండ్లు ఆడెను. ఫస్టుక్లాసు ఆటలన్నియు కలిపి 212. పరుగులు ఎనిమిదివేల యేడువందలకు పైగా, వికెట్లు నన్నూటికి మూడు తక్కువ.

1980 లో కాలిఫోర్నియాకు తరలిపోయెను. మాల్దీవులకు, అరబ్బు ఎమిరేట్లకు, మన ఆంధ్రజట్టునకును శిక్షకుడుగా నుండెను. వికెట్ల వెనుక ప్రసిద్ధుడైన కిర్మానీతో వియ్యమందెను. నడుమ నొక వింత జరిగినది. ఆయనకు గుండెజబ్బు చేసి కోలుకొనుచుండగా, ఒకప్పటి సహచరు డొకడు దూరదర్శన వ్యాఖ్యానమున ఆయన గతించెనని పొరబాటున పలికెనట! తన మరణవార్త దేశమంతయు వినిన తరువాత ఆయన మఱి ముప్పదేండ్లకు చేరువగా బ్రదికి, పిల్లలకు ఆట నేర్పుచు నుండెను.

ఇటీవల మా ప్రాంతమున ఈ విషయము బాలికలలోనికి కూడ వచ్చినది. చేవెళ్ళనుండి మొయినాబాదునకు పోవు బాటపై ఇరువైపుల పాత మఱ్ఱిచెట్లు గొడుగు పట్టియుండును. ఆ బాటకు ప్రక్కల పూలతోటలు, కూరగాయల మళ్ళు. పంట తీసిన మళ్ళలో పిల్లలు మూడు కఱ్ఱలు పాతి ఆడుచుందురు. మునుపు ఆడపిల్లలు గట్టుమీద కూర్చుండి లెక్క చెప్పెడివారు. 2025 ఫిబ్రవరి 2 వ తేదీని కౌలాలంపూరులో, పందొమ్మిదేండ్లలోపు బాలికల ప్రపంచపు పోటీ తుదియాటలో, భద్రాచలమున పుట్టిన గొంగడి త్రిష 15 పరుగులకు ముగ్గురిని పడగొట్టి, పిదప బ్యాటుపట్టి 44 పరుగులతో చివరివఱకు నిలిచెను. పోటీ మొత్తముమీద 309 పరుగులు, ఏడు వికెట్లు. ఉత్తమ క్రీడాకారిణి యామెయే. మఱునాటినుండి గట్టుమీది పిల్లలు మడిలోనికి దిగిరి.

వారిలో నొక కూరగాయల రైతు కూతురు, ఎనిమిదవ తరగతి చదువుచున్నది, మా యింటికి తఱచుగా వచ్చును. బంతి వేయును, బ్యాటు పట్టును, రెండును మధ్యరకము. పరుగెత్తి బంతి నాపుటలో మాత్రము మగపిల్ల లెవ్వరు సాటిరారు. ఆట నేర్పు పెద్దమనిషి యొకరు "రెండింటిలో నేదో యొకటి యెంచుకొమ్ము, లేకున్న రెంటికి చెడిన రేవడి వగుదువు" అనిరట. పిల్ల ఏడ్చుచు వచ్చినది. నేను ఆడిలైడు లెక్కయు, ఓవల్ లెక్కయు, 1956 నాటి ఫీల్డరు బహుమతియు చూపితిని. తల్లి నిలుచుండియే వినినది. ఆమె యడిగినది వేఱు. "ఇంతా జేస్తే కొలువు దొరుకుతదా, అమ్మా?" అని. అడుగవలసినదే యడిగినది. ఆబిద్ అలీకి బ్యాంకులో కొలువు దొరకినదనియు, మన హైదరాబాదున పెరిగిన మిథాలీ రాజునకు రైల్వేలో దొరకినదనియు చెప్పితిని. అందఱికి దొరకునని చెప్పలేకపోయితిని. ఆమె కొంచెముసేపు కొంగు ముడి విప్పుచు కట్టుచు నుండి, "ఒక్కసారి తీస్కపోయి జూపిస్త" అన్నది.

పట్నములో ఎంపిక వచ్చు ఆదివారము. తెల్లవారకమునుపే బస్సు పట్టవలెను. ఇప్పుడు ఆడవారికి టిక్కెట్టు లేదు గనుక ఆ ఖర్చు తప్పినది. బూట్లు మా మేనల్లునివి, వ్రేళ్ళయొద్ద ప్రత్తి కూరినాము. నిన్న తల్లి దరఖాస్తు కాగితము తెచ్చి నాచేత నింపించినది. అందు బ్యాటరనియు, బౌలరనియు, ఆల్‌రౌండరనియు మూడు గళ్ళున్నవి. ఎందులో గీటు పెట్టవలెనని యడిగితిని. తల్లి కూతురి మొగము చూచినది. కూతురు వ్రేలితో మూడవ గడిని చూపినది.